ఆరో గుడ్డ కూడా పోయింది

కాళహస్తి కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే పని, నేర్చుకుంటున్నాను. 1 మిల్లీమీటరు మందాన గీసిన నెమలి మెడ పావుగంటలో 3 మిల్లీమీటర్లకు పాకి గొంగళిపురుగులా తయారైంది. పసుపు, ఎరుపు నాలుగో గుడ్డకే కుదిరిపోయాయి. ఈ నలుపు ఒక్కటే మాట వినడం లేదు.

మొదట రంగు నీటినే అనుమానించాను. పాత మేకులు అరకిలో, బెల్లం 100 గ్రాములు, నీళ్లు 2 లీటర్లు, కుండలో 21 రోజులు. తాటిబెల్లంతో ఇంకో కుండ పెట్టినా గీత అలాగే పాకింది. కలానికి, అంటే గీసే వెదురు పుల్లకి, చుట్టిన ఉన్ని తగ్గించాను. గంజి మిగిలిందేమోనని గుడ్డను చాకలి సోడాలో రెండుసార్లు ఉడికించాను. వానాకాలపు చెమ్మ అనుకుని, ఎండ కాసిన రెండు రోజులూ మిద్దె మీద ఆరబెట్టాను. ఏమీ మారలేదు.

ఇక మిగిలింది, గీసే ముందు కరక్కాయ పొడి కలిపి గుడ్డను ముంచే పాలు. 10 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోసి, అన్నిటికీ ఒకే కరక్కాయ పొడి వేశాను. పాలు లేని ముక్కలో గీత 5 మిల్లీమీటర్లయింది. 3 శాతం వెన్న ఉన్న ప్యాకెట్ పాలకు 3 మిల్లీమీటర్లు, 6 శాతం పాలకు 1.5. మా వీధికి వచ్చే గేదె పాలకు గీత గీసినట్టే నిలిచింది! కాళహస్తి పనివాళ్లు గేదె పాలే ఎందుకంటారో ఆరు వారాల తర్వాత నా బుర్రకెక్కింది. ప్యాకెట్ పాలు కాఫీకి చాలు, కలానికి పనికిరావు.

మరి అవే గేదె పాలలో ముంచిన ఆరో గుడ్డ, మీటరు పొడవుది, ఎందుకు పోయింది? స్కేలు పెట్టి చూస్తే గుడ్డంతా పాకలేదు. సుమారు 11 సెంటీమీటర్లకొక చారలా పాకింది. నేను గుడ్డను తాడులా మెలిపెట్టి పిండాను. మెలిక బిగిసిన చోటల్లా పాలు కారిపోయి ఉంటాయని నా ఊహ. చిన్న ముక్కల్ని అరచేతుల మధ్య నొక్కానంతే, మెలి తిప్పలేదు.

నేను చారలు కొలుస్తుండగానే పక్కింటి అక్క మిద్దె ఎక్కింది. నీటిరంగుల్లో ఆమె వేసిన చంద్రగిరి కోట చూస్తే రాయి మీద ఎండ వేడి తెలుస్తుంది. అలాంటివి పద్నాలుగు, పరుపు కింద! చెన్నైలో గ్రీమ్స్ రోడ్డు లలిత కళా అకాడమీకి వెళ్లి చూద్దామని, ఈసారి ఏదో ఒక ప్రదర్శనకు దరఖాస్తు పెట్టమని నెల రోజులుగా ప్రాణం తీస్తున్నాను.

"నాకెవరు నేర్పారు, గోడకెక్కించడానికి?" అంది.

"కాళహస్తి కలంపనే 1950లలో ఆరిపోయేలా ఉంటే చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనుకుని శిక్షణ కేంద్రం తెప్పించింది అక్కా. చూసేవాళ్లు లేకపోతే ఏ పనీ నిలవదు."

"అయితే నీ గొంగళిపురుగులూ పెట్టు, నేనూ పెడతాను."

నోరు మూసుకున్నాను. కానీ ఒప్పందం కుదిరింది: ఏడో గుడ్డ పాకకపోతే ఇద్దరమూ పంపాలి. (మధ్యలో "ఇది పెడన అచ్చా?" అని కింద నుంచి ఒకాయన అడిగాడు. కాదండీ, పెడనది అచ్చుపని, ఇది చేత్తో గీసేది.)

చాలా చోట్ల ముందు ఫోటోలే అడుగుతారు కాబట్టి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఉత్తరపు గోడ నీడలో అక్క బొమ్మలు తీస్తాను. ట్యూబులైటు కింద తీస్తే తెల్లకాగితం పచ్చబడుతుంది, అద్దం వేసిన తర్వాత తీస్తే మన మొహాలే కనిపిస్తాయి. పరుపు కింద వంగిన కాగితాలకు వెనక తడి అద్ది, ప్లైవుడ్ పలకల మధ్య రెండు రోజులు బరువు పెట్టాలి.

ఏడో గుడ్డకు అర లీటరు గేదె పాలు చెప్పి ఉంచాను. ఈసారి మెలి తిప్పను, చాప మీద పరిచి చేత్తో అద్దుతాను.

నిన్న అక్క దరఖాస్తు నింపి, ధర గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. పెన్సిల్‌తో 6,000 రాశాను. ఒక సున్నా చెరిపేసింది. ఆమె కాఫీకి కిందికి వెళ్లగానే మళ్లీ పెట్టాను.