కరెంట్ వచ్చింది, నిద్ర మాత్రం రాలా

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నోళ్ళని అడగండి, రాత్రి 2 గంటలకి ఫోన్ మోగితే ఎట్టా ఉంటదో. కరెంట్ పోయింది, గుంట నీళ్ళలో ఆక్సిజన్ కలిపే ఏరియేటర్లు ఆగినై, జనరేటర్ స్టార్ట్ కావట్లేదు అని కాపలా అబ్బాయి చెప్పేలోపే గుండె దడదడా కొట్టుకుంటా ఉంటది. మా మామైతే గుండె జబ్బేమోనని ఈసీజీ కూడా తీయించుకున్నాడు, నార్మలే వచ్చింది.

ఆ దడ అడ్రినల్ గ్రంథులది. కిడ్నీల పైన ఒక్కోటి ఉంటది, బరువు నాలుగైదు గ్రాములే. వాటి లోపలి భాగానికి నరాల నుంచి నేరుగా కబురొస్తది, అందుకే సెకన్లలో అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలో కలిసి గుండె వేగం, బీపీ పెరిగి, లివర్ దాచుకున్న చక్కెరని బయటికి వదులుద్ది. అయితే ఇది ఎంత తొందరగా వస్తదో అంత తొందరగానే పోద్ది.

మరి కరెంటొచ్చి ఏరియేటర్లు తిరుగుతా ఉన్నా మామకి తెల్లారేదాకా కన్ను మూతపడదే, అదేంది? అది అదే గ్రంథుల్లో తయారయ్యే కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ పని. దాని దారి వేరే, మెదడులో హైపోథాలమస్ అనే భాగం సీఆర్‌హెచ్ అనే హార్మోన్ పంపితే, కిందున్న బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదులుద్ది, అది రక్తంలో ప్రయాణం చేసి అడ్రినల్ పైపొరకి చేరితే అప్పుడు అక్కడ కార్టిసాల్ తయారవుద్ది. ముందే చేసి దాచుకునే సరుకు కాదు కాబట్టి బాగా పెరిగేసరికి 20, 30 నిమిషాలు పడతది, ఈలోపు కరెంట్ కూడా వచ్చేసుంటది! మళ్ళీ సగానికి తగ్గాలన్నా గంట పైనే. మామూలుగా కార్టిసాల్ అర్ధరాత్రి చుట్టుపక్కల బాగా తక్కువుండి పొద్దున లేచే టైంకి పెరుగుద్ది, ఈయనకి తక్కువుండాల్సిన టైంలోనే ఎక్కేసింది, ఇంక నిద్రెక్కడిది. పెరిగిన కార్టిసాలే పైకెళ్ళి హైపోథాలమస్‌కీ పిట్యూటరీకీ ఇంక చాలని చెప్పుద్ది, కానీ రోజూ టెన్షనే అయితే ఈ బ్రేకు కూడా సరిగ్గా పడదు.

షుగరున్నోళ్ళకి ఆ పొద్దున ఫాస్టింగ్ ఎక్కువ చూపించొచ్చు. రాత్రి ఒక్క ముద్ద పెరుగన్నమే తిన్నా కదరా అంటాడు మామ, నిజమే, ఆ చక్కెర అన్నంలోది కాదు, లివర్ వదిలింది.

నాకు భలే అనిపించిందేందంటే రొయ్యకీ ఇట్టాంటి ఏర్పాటుంది. దాని కంటి కాడలో ఒక గ్రంథి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే హార్మోన్ వదిలి దాని ఒంట్లో కూడా చక్కెర పెంచుద్ది. అంటే ఆ రాత్రి గట్టు మీద మామకీ గుంటలో రొయ్యకీ ఒకేసారి షుగర్ ఎక్కుతా ఉంటది. రొయ్య పిల్లల్ని పుట్టించే హ్యాచరీల్లో తల్లి రొయ్యకి ఒక కన్ను తీసేసేది కూడా ఆ కాడ కోసమే, గుడ్లు తయారు కాకుండా ఆపే హార్మోనూ అక్కడ్నించే వస్తది మరి.