చీమని ఏమంటారు?

మెళియాపుట్టి దగ్గర బడిలో నా పక్కన ఒక సవర గుంటడు కూర్చునేవాడు. పలక మీద పాకుతున్న చీమని చూసి తమ మాటలో ఏదో అన్నాడని మేష్టారు అరచేతులు వాచేలా కొట్టారు. నెల్లాళ్లు వాడు నోరు విప్పలేదు.

నిన్న అమెరికా ఆదివాసీలైన నవాహో సైనికుల గురించి చదువుతుంటే వాడే కళ్ల ముందు మెదిలాడు. అక్కడి బడుల్లోనూ ఆ భాష మాట్లాడితే సబ్బుతో నోరు కడిగేవారట. అలాంటి బడుల్లో చదివినవాళ్లే 1942లో 29 మంది కలిసి అమెరికా మెరైన్ దళానికి సంకేత భాష అల్లారు. తాబేలంటే ట్యాంకు, గుడ్లంటే బాంబులు, ఇనుప చేపంటే జలాంతర్గామి. పేర్లయితే అక్షరం అక్షరం చెప్పాలి; ఇంగ్లీషు 'ఎ'కి వాళ్ల చీమ, 'వొలాచీ'. శిక్షణ లేని నవాహో మనిషి విన్నా బోధపడదు. 1945లో జపాన్ దీవి ఇవో జిమా మీద జరిగిన యుద్ధంలో మొదటి రెండు రోజుల్లోనే ఆరుగురు 800కు పైగా సందేశాలు తప్పు లేకుండా అందించారు.

ఆ చీమ దగ్గరే ఆగిపోయాను.

మన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. మా బడి పుట్టకముందు మాట అది!

పొద్దున్నే వాడికి ఫోన్ చేసి చీమని ఏమంటారో అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండుసార్లు, నెమ్మదిగా, నాకు పట్టుబడేలా చెప్పాడు.