సద్దులకు ముందు రోజే చేరాలి: తిప్పర్తి వైపు దసరా ప్రయాణం

దసరాకు ఇంటిల్లిపాదీ ఒక్కచోట చేరాలంటే లెక్క దసరా నుంచి కాదు, సద్దుల బతుకమ్మ ముందు రోజు నుంచి వేసుకోవాలి. పండుగ నాడు దిగినవాళ్లకు విందు దొరుకుతుంది, ముచ్చట దొరకదు. ఎవరి పిల్లలు ఎక్కడున్నారు, ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరు ఉద్యోగం మారారు అనే సంగతులన్నీ పూలు పేర్చేటప్పుడు, సద్దులు కలిపేటప్పుడు బయటికొస్తాయి. చేతికి పని ఉన్నప్పుడే నోరు నెమ్మదిగా తెరుచుకుంటుంది.

2025లో ఈ లెక్క కాస్త చిక్కుపడింది. సెప్టెంబర్ 21న పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి తొమ్మిది రోజులు లెక్కపెడితే 29. కానీ ఆ నవరాత్రుల్లో ఒక తిథి రెండు పొద్దులు నిలవడంతో దుర్గాష్టమి 30న వచ్చింది. కాబట్టి సద్దులు 29నా, 30నా అన్న అనుమానం చాలామందికి వచ్చింది. మా తల్లిగారి ఊరు నల్లగొండ జిల్లాలో తిప్పర్తి వైపు, అక్కడి పెద్దమనుషులు 30 అని తేల్చారు. సెలవు పెట్టే ముందు, టికెట్ తీసుకునే ముందు ఊళ్లో ఒక్క ఫోన్ చేసి అడగడం మంచిది. గోడమీది క్యాలెండర్‌లో ఒకటుంటుంది, ఊరి చెరువు గట్టున ఒకటి జరుగుతుంది.

రెండో చిక్కు గాంధీ జయంతి. దసరా అక్టోబర్ 2, గురువారం పడింది. నల్లగొండ పల్లెల్లో దసరా అంటే యాట కూర. గాంధీ జయంతి నాడు మాంసం దుకాణాలు మూత. మా వాళ్లు విందును 3వ తారీఖుకు జరిపి, ఆ మాట వారం ముందే అందరికీ చెప్పారు. శుక్రవారం ఒక్క రోజు సెలవు పెట్టుకుంటే శని, ఆదివారాలు కలిసొస్తాయని బెంగళూరు తమ్ముడు, మిర్యాలగూడ చెల్లె వెంటనే సరేనన్నారు. విందు తేదీ ముందే తెలిస్తే దూరాన ఉన్నవాళ్లకు సెలవు దొరకడం తేలిక.

హైదరాబాద్ నుంచి 28, ఆదివారం పొద్దున బయలుదేరాం. అంతకు ముందు 26 రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చాయి. 27న నల్లగొండ, ఖమ్మం, విజయవాడ బస్సులను ఎల్బీనగర్ నుంచి నడిపారు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న అన్న కూతురు కూడా 28న అలాగే ఎల్బీనగర్ చేరి బస్సెక్కింది. పండుగ రోజుల్లోనే కాదు, మామూలప్పుడు కూడా ఎల్బీనగర్ నుంచి ఎక్కడం మేలే, నగరంలోని ట్రాఫిక్ తప్పుతుంది. మహాలక్ష్మి పథకం కింద ఈ దారిలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే టికెట్ ఉచితం. డీలక్స్, సూపర్ లగ్జరీలకు డబ్బులు కట్టాలి. ఆధార్ అసలు కార్డు చేతిలో పెట్టుకోవాలి, లేకుంటే కండక్టర్‌తో వాదనకే సగం దారి అయిపోతుంది.

కారుకు దారి సులువు. హయత్‌నగర్, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి. అక్కడ విజయవాడ రోడ్డు వదిలి అద్దంకి రోడ్డు పట్టాలి. చెర్వుగట్టు దాటి, నల్లగొండ పక్కనుంచి తిప్పర్తి వైపు. నల్లగొండకు సుమారు వంద కిలోమీటర్లు, మామూలు రోజుల్లో రెండు గంటలు. పండుగ ముందు మూడు గంటలు వేసుకోవాలి, ఎందుకంటే చౌటుప్పల్ దాటగానే పంతంగి టోల్ దగ్గర బండ్లు ఆగుతాయి. మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్లకు మాడుగులపల్లి దగ్గర మరో టోల్ ఉంది. అది రాష్ట్ర రహదారి మీదిది కాబట్టి 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ అక్కడ పనిచేయదు. ఫాస్టాగ్‌లో వేరే డబ్బులు ఉంచుకోవాలి.

దారి పొడవునా బత్తాయి తోటలు, వరి, పత్తి. పత్తి మొదటి తీతకు వచ్చే వేళ వానలు పడుతున్నాయని ఆ ఏడు అందరి మొహాల్లో దిగులుంది. ఇంటికి చేరగానే అన్న మొదట చెప్పింది పండుగ సంగతి కాదు, తడిసిన కాయల సంగతే.

పూల పని 29 పొద్దుగాలే మొదలవుతుంది. గునుగు ముందు రోజే తెచ్చుకోవచ్చు, అది ఎండినా రాలదు. తంగేడు అలా కాదు. ముందు రోజు సాయంత్రం కోస్తే తడిబట్ట చుట్టి నీడన పెట్టాలి, నీళ్లు చల్లాలి, లేకుంటే తెల్లారేసరికి రెక్కలు రాలి కాడలే మిగులుతాయి. సద్దుల పొద్దున్నే కోసుకోవడం ఇంకా మంచిది. చేలల్లో కలుపు మందులు ఎక్కువై గునుగు ఏటేటా తగ్గుతోంది. ఒకప్పుడు పత్తి చేను గట్టునే దొరికే పూవు కోసం ఇప్పుడు బీడుల్లో తిరగాలి. ఇది నాకు బాధ కలిగించే విషయం.

గునుగుకు రంగు అద్దడం పిల్లలకు అప్పగించే పని. కొసలు సమంగా కత్తిరించి పిడికెడేసి కట్టలు కట్టాలి. దారం కంటే పుంటికూర నార మేలు, తడిసినా జారదు. గోరువెచ్చని నీళ్లలో రంగు చిక్కగా కలిపి, కట్ట తలను అంగుళం వరకే ముంచి తీయాలి. పూర్తిగా ఆరకముందే పేరిస్తే పక్కనున్న తెల్ల గునుగుకు మరక అంటుతుంది. కాబట్టి రంగు పని 29 మధ్యాహ్నానికే అయిపోవాలి.

పేర్చడంలో అందరూ చూసేది బయటి వరుసలు, బతుకమ్మను నిలబెట్టేది లోపలి పొత్తి. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, అంచు వెంట తంగేడును కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేలా ఒక వరుస పెడతారు. ఆ పైన గునుగు, బంతి, కట్ల, చామంతి, మళ్లీ గునుగు. ఒక్కో వరుస అయ్యాక మధ్య ఖాళీలో తుంచిన ఆకులు, కాడలు కూరి అరచేత్తో గట్టిగా అదమాలి. ఇక్కడ తొందరపడితే సాయంత్రానికి ఆకులు వాడి, లోపల కుంగి, బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. వరుస వరుసకు చుట్టు కొద్దిగా తగ్గాలి. ఒక్కసారిగా తగ్గిస్తే మీది వరుసలు జారతాయి. రెండున్నర అడుగుల బతుకమ్మకు నలుగురు కూర్చుంటే మూడు గంటలు పడుతుంది. పైన గుమ్మడి పూవు, తమలపాకులో పసుపు గౌరమ్మ. పక్కన తోడు బతుకమ్మ ఒకటి, చిన్నది.

ఆ మూడు గంటల్లోనే ఇంటి పిల్లల సంగతులన్నీ తెలుస్తాయి. అమ్మ పీట మీద కూర్చుని కాడలు తుంచుతూ ఒక్కొక్కరిని అడుగుతుంది. చెల్లె బిడ్డకు సూర్యాపేట సంబంధం ఖాయమైందని, పిల్లాడు బ్యాంకులో చేస్తాడని, కార్తీకంలో లగ్గమని అక్కడే తేలింది. "కట్నం ముచ్చట తర్వాత, పిల్లకు నచ్చిండా?" అని అమ్మ అడిగిన తీరు చూసి చెల్లె బిడ్డ తల దించుకుని నవ్వింది. ఆ నవ్వుతో అందరికీ సమాధానం దొరికింది.

అన్ని సంగతులూ ఇలా తేలిగ్గా రావు. మేం బయలుదేరిన 28నే గ్రూప్-2 తుది జాబితా వచ్చింది, 783 పోస్టులకు 782 మంది. అందులో అన్న కూతురి నంబర్ లేదు. ఇలాంటప్పుడు ఇంటి పెద్ద ఆడది చేయాల్సిన పని వదినె చేసింది. బిడ్డ బస్సు దిగేలోపే అందరికీ ఫోన్ చేసి, "రాలేదు, ఎవరూ అడగకుండ్రి, తనే చెప్తది" అంది. ఇది ప్రతి ఇంట్లో పాటించదగ్గ పద్ధతి. చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు అదే ప్రశ్న అడిగితే పిల్ల గదిలోంచి బయటికి రాదు, మళ్లీ ఏడు పండుగకే రాదు. ఇక్కడ ఎవరూ అడగలేదు కాబట్టి రంగు కట్టలు ఆరబెడుతూ తనే నా దగ్గరికొచ్చి, "అత్తా, ఇంకొక్కసారి రాస్త" అంది. "రాయి బిడ్డా" అన్నాను. అంతకంటే ఎక్కువ మాట్లాడక్కర్లేదు.

పెళ్లి, పిల్లలు, జీతం గురించి అడగదలిస్తే తల్లిని విడిగా అడగాలి. పిల్లలను అడగదలిస్తే వాళ్ల గది, వంట, తోటివాళ్ల గురించి అడగాలి. వాళ్లే మిగతాది చెబుతారు.

అమెరికాలో, డాలస్‌లో ఉన్న నా కొడుకు రాలేదు. సెప్టెంబర్ 19న హెచ్1బీ ఉద్యోగ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అన్న ప్రకటన వచ్చింది. ఉన్నవాళ్ల రెన్యువల్‌కు వర్తించదని వివరణ ఇచ్చినా, ఓపీటీ మీద, అంటే చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి మీదున్న పిల్లలకు ఎలా అన్నది ఆ పండుగ నాటికి తేలలేదు. దేశం దాటొద్దని పిల్లలే ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ ఏడు మా ఊళ్లో అమెరికా పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇదే మాట.

దూరాన ఉన్నవాళ్లను వీడియోలో కలుపుకోవడానికీ ఒక పద్ధతుంది. చెరువు గట్టు మీద కాల్ చేస్తే జనం వల్ల నెట్ అందదు, సౌండ్ బాక్సుల హోరులో మాట వినపడదు. పూలు పేర్చేటప్పుడే చేయాలి. సెప్టెంబర్ చివర్లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. మన పొద్దున 9 అంటే అక్కడ ముందు రాత్రి పదిన్నర, పిల్లలు ఇంట్లో ఉండే సమయం. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి తాంబాళం కనిపించేలా పెడితే, వాడూ మాతో కూర్చున్నట్టే గంటసేపు ఉన్నాడు. దుబాయ్ గంటన్నరే వెనక, వాళ్లకు ఎప్పుడైనా పరవాలేదు.

సద్దులు మధ్యాహ్నం కలుపుతారు. ఇరవై మందికి, ఇరుగుపొరుగుకు పంచడానికి కలిపి మూడు కిలోల బియ్యం చాలు. అన్నం పొడిపొడిగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, ఐదు భాగాలు చేయాలి. చింతపండు, నిమ్మకాయ, నువ్వులు, కొబ్బరి, పెరుగు. కిలో బియ్యానికి నూట పాతిక గ్రాముల చింతపండు లెక్క. నువ్వుల పొడికి నువ్వులు చిటపటమనగానే దించాలి, ఎర్రబడితే చేదు. పెరుగన్నం ఎక్కువగా చెడేది. మధ్యాహ్నం పెరుగుతోనే కలిపితే రాత్రి చెరువు దగ్గర విప్పేసరికి పులిసిపోతుంది. కాచి చల్లార్చిన పాలు పోసి, రెండు చెంచాల పెరుగు వేసి కలిపితే సాయంత్రానికి సరిగ్గా తోడుకుంటుంది.

మలీదకు కిలో గోధుమ పిండికి ఏడు వందల గ్రాముల బెల్లం, వంద గ్రాములకు పైగా నెయ్యి. రొట్టెలు వేడి మీదుండగానే నలిపి బెల్లం కలపాలి. చల్లారాక నలిపితే ముద్ద కట్టదు. చేతులు కాలే పని ఇది, అందుకే మా ఇంట్లో ఇద్దరు మార్చి మార్చి నలుపుతారు.

పొద్దుగూకాక ఆట, చెరువులో బతుకమ్మను వదలడం, వాయనాలు ఇచ్చిపుచ్చుకోవడం. ఆ వానలకు చెరువు నిండుగా ఉంది, గట్టు జారుడుగా ఉంది. మెట్లున్న వైపే దిగాలి, పిల్లలను నీటి అంచుకు పంపొద్దు. తాంబాళాన్ని నీళ్ల మీద వంచి పూలు మాత్రం జారవిడిచి పళ్లెం వెనక్కి తెచ్చుకోవాలి.

దసరా సాయంత్రం ఊరి బయట జమ్మి చెట్టు దగ్గరికి పోయే దారిలో పాలపిట్టను చూడాలి. పంట చేల పక్క కరెంటు తీగల మీద పొద్దువాలకముందు కనిపిస్తుంది. పంజరంలో పట్టి తెచ్చి చూపించేవాళ్లకు డబ్బులివ్వొద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం.

జమ్మి దగ్గర శమీ శ్లోకం, దాని కింద ఇంట్లో అందరి పేర్లూ రాసిన చీటీ చెట్టుకు కడతారు. అన్న రాసే ఆ చీటీని నేను ఏటా శ్రద్ధగా చదువుతాను. కుటుంబం ఆ ఏడు ఎలా ఉందో దాంట్లో ఉంటుంది. నాన్న పేరు లేకుండా మొదలైన వరుస, తమ్ముడి ఇంట పుట్టిన పాప పేరు చివర కొత్తగా. డాలస్‌లో ఉన్నవాడి పేరు ఎప్పటి వరుసలోనే. చెల్లె బిడ్డ పేరు ఇంకా వాళ్ల అమ్మానాన్నల పక్కనే ఉంది, వచ్చే ఏడు వేరే ఇంటి చీటీలోకి పోతుంది. బాల్‌పెన్‌తో రాయాలి, ఇంకు పెన్నుతో రాస్తే ఒక్క వానకు కారిపోతుంది.

జమ్మి తెచ్చాక మొదట ఇంట్లో పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి, తర్వాత అలయ్ బలయ్. ఆ ఏడు ఎవరింట్లో పెద్దలు పోయారో ఆ ఇంటికి మనమే వెళ్లి జమ్మి ఇవ్వాలి, వాళ్లు వస్తారని ఎదురుచూడొద్దు.

3న విందు. ఇరవై మందికి ఐదు కిలోల మటన్, రెండున్నర కిలోల బగారా బియ్యం. ఊళ్లో నలుగురైదుగురు కలిసి యాటను కోయించి పోగులు పెట్టుకుంటే పట్నం ధర కంటే తక్కువ పడుతుంది, కానీ పోగులో ఎముక ఎక్కువ కాబట్టి మరో కిలో కలుపుకోవాలి.

తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం లోపే పెట్టుకోవాలి. సాయంత్రమైతే పంతంగి దగ్గర గంటలు పోతాయి. తప్పనిసరైతే నల్లగొండ నుంచి మునుగోడు, సంస్థాన్ నారాయణపురం మీదుగా చౌటుప్పల్ చేరొచ్చు. రోడ్డు సన్నం, రాత్రి బర్రెలు అడ్డం వస్తాయి, పగలైతే బాగుంటుంది.

డాలస్ వెళ్లే తెలిసినవాళ్ల చేతికి మురుకులు, గరిజెలు, నువ్వుల పొడి ఇచ్చాం. పిండివంటలకు ఇబ్బంది లేదు. ఎండు కొబ్బరి కుడుకలు మాత్రం పెట్టొద్దు. నూనె ఎక్కువ, నిప్పంటుకునే సరుకు కింద లెక్క, విమానం బ్యాగేజీలో తీసేస్తారు. జమ్మి ఆకు కూడా పంపొద్దు, పచ్చి ఆకులను అమెరికా కస్టమ్స్ రానివ్వదు. 2025లో దీపావళి అక్టోబర్ 20నే కాబట్టి వీడియో కాల్‌కు ఆ పొద్దున 9 టైమే సరిపోయింది. నవంబర్ 2న అక్కడ గడియారం గంట వెనక్కి జరిగింది, కార్తీక పున్నమి నాటికి మన పొద్దున 10కి చేస్తే వాడికి రాత్రి పదిన్నర అయింది.