ఆవకాయ సీసాకి కొబ్బరి డొక్క

అమ్మ పెట్టిన ఆవకాయని బెంగళూరులో ఉన్న చెల్లికి కొరియర్‌లో పంపితే, చేరింది గాజుపెంకులు కలిసిన కారం. మూడు చుట్లు బబుల్ ర్యాప్ చుట్టినా అంతే. "అక్కా, పెట్టె విప్పకముందే వాసనొచ్చేసిందే" అని అది నవ్వింది గానీ నాకు ఒళ్లు మండింది.

అదే వారం మా పెరట్లో కొబ్బరి దింపు తీశారు. మాది అమలాపురం దగ్గర పల్లె. అంత ఎత్తు నుంచి కాయలు దబ్బుదబ్బున పడుతున్నాయి, ఒక్కటీ పగలదు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. ఇంటి చుట్టూ డొక్కలు (కాయ మీద ఒలిచిన పీచు తొక్కలు) గుట్టలు పోసుకుని ప్లాస్టిక్ బుడగలు కొంటున్నానేంటి అనిపించింది.

పీచు ఫ్యాక్టరీ నుంచి సంచెడు పీచు తెచ్చి, అట్టపెట్టెలో కుక్కి, మధ్యలో నీళ్లు నింపిన సీసా పెట్టాను. మేడ మీంచి వదిలితే బతికింది. రెండ్రోజులు స్కూటీ మీద తిప్పి వదిలితే పగిలింది. కుదుపులకి పీచు పక్కకి తప్పుకుని సీసా అడుక్కి దిగిపోయింది.

అప్పుడు ఒక డొక్కని నిలువునా చీల్చి ముందేసుకుని కూర్చున్నాను. పైన నున్నటి గట్టి తొక్క. లోపల పీచు చిక్కుపడి లేదు. తొడిమ నుంచి మొన దాకా పోగులు నిలువుగా సాగాయి, సందుల్లో మెత్తటి పొట్టు. పోగు వంగుతుంది, పొట్టు నలుగుతుంది, దెబ్బ అక్కడే ఖర్చయిపోతుంది. ఫ్యాక్టరీలో దులిపేసేది ఆ పొట్టునే! అసలు సరుకు పారేశాక మిగిలింది డబ్బులిచ్చి తెచ్చుకున్నానన్నమాట.

ఇంకో పాఠం పంపరపనస చెప్పింది. జర్మనీలోని ఫ్రైబర్గ్ శాస్త్రవేత్తలు దాని తొక్క మీద పనిచేశారు. అంత బరువైన కాయ పది మీటర్ల నుంచి పడినా చితకదు. తొక్క బయట బిగువుగా ఉండి, లోపలికి పోయేకొద్దీ మెల్లగా స్పాంజిలా వదులవుతుంది. అందుకే నేనూ సీసా పక్కన పొట్టు ఎక్కువ వేసి, బయటికొచ్చేకొద్దీ నిలువు పోగులు దగ్గరగా పేర్చాను.

ఏడిపించింది మాత్రం జిగురు. పరుపుల్లో వాడినట్టు రబ్బరు పాలు పోస్తే బ్రహ్మాండంగా పట్టింది. కానీ పని అయ్యాక కుండీలో వేస్తే మట్టయిపోవాలన్నది నా పంతం, గంధకంతో ఉడికిన రబ్బరు అంత తేలిగ్గా కలవదు. మైదా గంజికి బూజు, ఆపైన పురుగులు. చివరికి పెద్దమ్మ అంది, "కొండపల్లి బొమ్మలకి చేతులు దేంతో అతుకుతారే?" చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. గింజలు వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికించాను. ఎండలో మూడ్రోజులకి చెక్కలా బిగిసింది. ముసురులో ఇదీ బూజు పడుతుంది. అయితే ఆవకాయా, ఎండలూ ఒకే కాలం కదా, నాకు సరిపోయింది.

సీసాకి పాలిథిన్ కవరు తొడిగి (అవును, పాలిథినే, అదే కవరు ప్రతిసారీ వాడాను) చుట్టూ పొరలు పరిచి రెండు దొప్పలు చేశాను. మొదటి నాలుగూ పనికిరాలేదు. ఐదోది మేడ మీంచి ఆరుసార్లు పడ్డా సీసాకి గీత పడలేదు. ఖాళీ సీసాలన్నీ అయిపోయాయని నాన్న గొణుగుడు వేరే.

ఇది బబుల్ ర్యాప్ కంటే బరువు, కొరియర్ ఛార్జీ పెరిగింది. వ్యాపారంగా గిట్టదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మేలో పంపిన సీసా బెంగళూరు నిక్షేపంగా చేరింది. చెల్లి దొప్పల్ని తుంచి మల్లె కుండీలో వేసింది. నూనె అంటిన వైపు మాత్రం పారేయాల్సొచ్చింది, మూత దగ్గర కారింది మరి. కొబ్బరికాయకి మూత ఉండదుగా, డొక్కని చూసి నేర్చుకోవడానికి. చింతగింజల జిగురు తడికి మెత్తబడుతుంది, అక్కడ నిలవదు. తేనెమైనం రాసిన గుడ్డతో వాసెన కట్టి చూడమంటోంది అమ్మ. మైనం కోసం తిరుగుతున్నాను.