మాఘ పున్నమి రాత్రి

పన్నెండింటికి డ్యూటీ దిగాను కానీ కిందికెళ్లి పడుకోబుద్ధి కాలేదు. టార్చి వెయ్యకుండానే రాస్తున్నాను ఇది, చేతి నీడ కాగితం మీద పడుతోంది, పెన్నుతో పాటే కదులుతోంది.

పొద్దున ఏడింటికి వైజాగ్‌లో బయల్దేరాం. పోర్ట్‌బ్లెయిర్ దాకా దాదాపు 1,200 కిలోమీటర్లు, తెరచాపల మీద ఐదారు రోజులు. డాల్ఫిన్స్ నోస్ కొండ మధ్యాహ్నానికే మసకలో కలిసిపోయింది, ఫోన్ సిగ్నల్ అంతకుముందే పోయింది. సాయంత్రం సూర్యుడు వెనక దిగుతుంటే ఎదురుగా చంద్రుడు లేచాడు, పున్నమి కదా, ఇక తెల్లారేదాకా మాతోనే ఉంటాడు. ఈశాన్యం గాలి ఎడమ పక్క నుంచి ఒకే తీరున వీస్తోంది, ఇంజిన్ కట్టేశాం, నీళ్లు పడవ పక్కను రాసుకుంటూ పోయే చప్పుడు తప్ప ఏమీ లేదు.

అందం సంగతి అలా ఉంచితే, నాకు వెన్నెల ఇచ్చేది ధైర్యం. పోయినసారి అమావాస్య దగ్గర్లో వెళ్లినప్పుడు నీళ్లేవో ఆకాశమేదో తెలియక, దిక్సూచి లైటునే చూస్తూ కూర్చుని తల తిరిగిపోయింది, అల కొట్టాకే తెలిసేది అల వచ్చిందని. ఇవాళ ప్రతి అలా దూరం నుంచే కనిపిస్తోంది. చుక్కలు మాత్రం చాలావరకు మాయం, గొల్లకావిడి ఒక్కటే పడమటి వైపు స్పష్టంగా ఉంది.

పదింటప్పుడు చంద్రుడి కింద నీళ్లు మెరిసే చోట నల్లగా ఏదో కదిలింది. మొదట మబ్బు నీడ అనుకున్నాను. పక్కనున్న బాబాయిది పెదజాలరిపేట, చిన్నప్పట్నుంచీ వేటకెళ్లిన మనిషి, చూసీ చూడగానే "బోటమ్మా, లైటు లేదు, కుడికి తిప్పు" అన్నాడు. తిప్పాను. మాకూ దానికీ మధ్య వంద గజాలు కూడా లేవేమో, అందులో ఒకాయన లేచి నిలబడి చెయ్యి ఊపాడు, భుజం మీద తువ్వాలు కూడా కనిపించింది. గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. చీకటి రాత్రయితే వాళ్లని చూసేవాళ్లమే కాదు. "పున్నమికి చేప వల చూసి తప్పుకుంటాదమ్మా, అయినా వచ్చారు పాపం" అన్నాడు బాబాయి.

అప్పట్నుంచీ తారిణి గుర్తొస్తోంది, ప్రపంచమంతా చుట్టొచ్చిన మన నేవీ తెరచాప పడవ. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి 2018 మే దాకా 254 రోజులు, ఆరుగురు ఆడపిల్లలు, అందులో స్వాతి మన వైజాగ్ అమ్మాయే. అన్ని రోజుల్లో వెన్నెల లేని రాత్రులెన్నో కదా! నాకు ఈ ఒక్క రాత్రికే కళ్లు మండుతున్నాయి.

ఇంకో నాలుగు గంటల్లో అమ్మ సముద్ర స్నానానికి ఆర్కే బీచ్‌కి బయల్దేరుతుంది. సిగ్నల్ ఉన్నప్పుడే చెప్పాల్సింది, మరీ లోపలికి దిగొద్దని, పున్నమికి పోటు ఎక్కువగా ఉంటుందని.