మా కాలనీలో ఆరుగురిని అడిగాను

పిల్లలకు ఊబకాయం రాకుండా చూసుకోవడానికి మా కాలనీ ఎంత సిద్ధంగా ఉంది? పోయిన ఆదివారం ఆరుగురితో కూర్చుని అడిగాను. ఒక ఊరు ఎంత సిద్ధంగా ఉందో కొలవడానికి కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో తయారైన పద్ధతి ఒకటుంది. విషయం తెలిసిన స్థానికులతో మాట్లాడి, ఆ ఊరు 9 మెట్లలో ఎక్కడుందో చూస్తారు. సమస్య ఉందనే తెలియకపోవడం మొదటి మెట్టు, ఉన్నా అది మన దగ్గర కాదులే అనుకోవడం రెండోది.

"బొద్దుగా ఉంటేనే కదా అక్కా ముద్దు, పెద్దయితే అదే తగ్గుతుంది" అంది ఓ తల్లి. అంగన్‌వాడీ టీచర్ మాట మాత్రం నన్ను వదలడం లేదు. "బరువు తక్కువున్న పిల్లల గురించే అందరూ అడుగుతారు మేడమ్, ఎక్కువున్న వాళ్ల గురించి ఎవరూ అడగరు." దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు 2015-16 సర్వేలో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు, బాధేసింది.

నా లెక్కలో మేం రెండో మెట్టు దాటలేదు. పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలంలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. వచ్చే మీటింగ్‌లో ఆ సంగతి పెడతానని సెక్రటరీ గారు మాటిచ్చారు. నేనూ వెళ్తున్నాను.