నాన్న పాత బుల్లెట్ కార్బురేటర్ సెట్ చేసిన కథ – నా అనుభవం

గుంటూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్‌లో నాన్న బుల్లెట్ 350 పదకొండేళ్లుగా పడి ఉంది, 1960ల నాటి మోడల్, మద్రాసులో తయారైన బండి. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు దీన్ని ఎలాగైనా రోడ్డెక్కించాలని పట్టుబట్టా. స్పార్క్ బానే ఉంది, కంప్రెషన్ ఉంది, ట్యాంకు కడిగి కొత్త పెట్రోల్ పోస్తే నాలుగో కిక్కుకే స్టార్ట్ అయింది. నాన్న వరండాలోంచి పరిగెత్తుకొచ్చారు.

అసలు తిప్పలు ఆ తర్వాతే. ఐడ్లింగ్‌లో నిలబడదు, కొంచెం రేజ్ చేస్తే దగ్గుతుంది, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే కార్బురేటర్ నోట్లోంచి పెట్రోల్ ఎదురు చిమ్ముతుంది, అదే రోడ్డు మీద ఫుల్ ఇస్తే వెనకాల నల్ల పొగ. ప్లగ్ విప్పితే మసి వేలికి కాటుకలా అంటుకుంది. దగ్గిందంటే పెట్రోల్ చాలట్లేదని, నల్ల పొగంటే పెట్రోల్ ఎక్కువైందని ఎవరైనా చెప్తారు, మరి రెండూ ఒకే బండిలో ఎలా ఉంటాయి? కార్బురేటర్‌లో పెట్రోల్ ఎక్కువ తక్కువలు మార్చే నీడిల్ క్లిప్ ఒక గాడి పైకి పెడితే పొగ కాస్త తగ్గినట్టనిపించి దగ్గు పెరిగేది, కిందకి పెడితే దగ్గు తగ్గి పొగ పెరిగేది. నాలుగు ఆదివారాలు ఇలాగే పోయాయి.

ఆ టైమ్‌లోనే రాత్రుళ్లు పాత ఇంజన్ల గురించి చదవడం మొదలుపెట్టా. లీటర్ పెట్రోల్ పూర్తిగా కాలాలంటే దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి, బరువులో చూస్తే ఒకటికి 14.7 వంతులు. ఈ లెక్కని 1885లో కార్ల్ బెంజ్ తన మొదటి బండిలో ఎలా కుదిర్చాడంటే, ఒక డబ్బాలో పెట్రోల్ లాంటి తేలికపాటి ఇంధనం పోసి దాని మీదుగా గాలిని పోనిచ్చాడు, గాలి ఎంత ఆవిరి పట్టుకుంటే అంతే. వినడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ ముందు తేలిక భాగం ఆవిరైపోయి అడుగున బరువు భాగం మిగిలిపోద్ది, ఇక అది ఆవిరి కానంటుంది, చలేస్తే ఒక రకం, ఎండకి ఒక రకం, రోడ్డు గతుకులకి డబ్బా కుదిపితే ఇంకో రకం. 1893లో బుడాపెస్ట్‌లో బాంకి, చోంకా అనే ఇద్దరు, అదే ఏడాది కొన్ని నెలల తేడాతో జర్మనీలో మేబాక్ అనే ఇంజనీరు, ఇంధనాన్ని సన్నని రంధ్రంలోంచి గాలిలోకి చిమ్మించే పద్ధతికి వచ్చారు. గాలి ఇరుకు గొంతులోంచి జోరుగా పోతుంటే అక్కడ ప్రెషర్ పడిపోయి ఆ సన్నని రంధ్రంలోంచి, అంటే జెట్‌లోంచి, పెట్రోల్ దానంతటదే పైకొస్తుంది. నా చేతిలో ఉన్న అమల్ మోనోబ్లాక్ కార్బురేటర్ కూడా అదే సూత్రం. ఆ సంగతి తెలిశాక దాని మీద గౌరవం పెరిగింది నాకు.

కానీ ఆ గొంతులోంచి కాకుండా పక్కనుంచి గాలి దూరితే లెక్కంతా పోద్ది. ఇది నాకు చెప్పింది బ్రాడీపేటలో పాత బుల్లెట్లు బాగుచేసే ఒక పెద్దాయన. "ముందు గాలి సంగతి తేల్చుకో అబ్బాయ్, అప్పటిదాకా పెట్రోల్ జోలికి పోమాక" అన్నాడు. ఇంజన్ నడుస్తుండగా ఇంజన్ హెడ్‌కీ కార్బురేటర్‌కీ మధ్య జాయింట్ మీద సబ్బు నీళ్లు చుక్కలు చుక్కలుగా వేశా, ఒక మూల దగ్గర ఆ నీళ్లు సర్రున లోపలికి పోయాయి, శబ్దం మారింది. విప్పి చూస్తే కార్బురేటర్‌ని హెడ్‌కి బిగించే చదును అంచు, ఫ్లాంజ్ అంటారు, అది వంగి ఉంది, ఎవరో ఎప్పుడో నట్లు విపరీతంగా బిగించేశారు. అద్దం ముక్క మీద ఎమిరీ పేపర్ పరిచి, ఫ్లాంజ్ మీద మార్కర్‌తో అడ్డగీతలు గీసి రుద్దితే మొదట రెండు చెవుల దగ్గర గీతలే చెరిగాయి, మధ్యలో బోరు చుట్టూ అలాగే ఉన్నాయి. అన్ని గీతలూ ఒకేసారి పోయేదాకా గంటన్నర రుద్దా, ఒక్క చెయ్యి బరువుతోనే, నొక్కకుండా. జాయింట్ మధ్య గాలి దూరకుండా కొత్త గ్యాస్కెట్ వేసి సమానంగా బిగిస్తే దగ్గు పూర్తిగా పోయింది. ఐడ్లింగ్ కూడా నిలబడింది.

పొగ మాత్రం ఇంకా ఎక్కువైంది. గాలి దొంగదారి మూసేశాం కదా మరి.

అప్పుడు మెయిన్ జెట్ తీశా. ఇత్తడి ముక్క, చిటికెన వేలి గోరంత కూడా లేదు, దాని మీద నంబర్ ఉంటుంది, ఆ నంబరు నిమిషానికి ఎన్ని సీసీల పెట్రోల్ దాటుతుందో చెప్పే లెక్క. భూతద్దం పెట్టి వెలుతురుకి చూస్తే రంధ్రం అంచు నున్నగా లేదు, లోపల గీతలు. పెద్దాయన చూడగానే చెప్పాడు, పంప్ స్టవ్ పిన్ను పెట్టి పొడిచారని. నాకు నమ్మకం చిక్కక, అదే నంబరు కొత్త జెట్ తెప్పించి, సూది తీసిన 50 ఎం.ఎల్. సిరంజికి గొట్టంతో ఒకటి తర్వాత ఒకటి తగిలించి నీళ్లు వదిలా. కొత్తదానికి 22 సెకండ్లు పట్టింది, పాతదానికి 18. మూడుసార్లు చూసినా అంతే, అంటే పాతదాని రంధ్రం పెద్దదైపోయింది.

1888లో కార్ల్ బెంజ్ భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వెళ్తూ దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసిందట, ఇంధనం అయిపోతే వీస్లోఖ్‌లో మందుల షాపులో కొనుక్కుందట. ఆవిడ పొడిచింది గొట్టాన్ని, అది తప్పదు. జెట్ అలా కాదు, ఆ రంధ్రం సైజే మొత్తం కొలత, వెంట్రుక మందం పెరిగినా కొలత పోయినట్టే. మీరెవరైనా పాత బండి విప్పితే జెట్‌ని పెట్రోల్‌లో నానబెట్టి గాలి కొట్టండి, దయచేసి పిన్ను పెట్టకండి.

కొత్త జెట్ వేసి, క్లిప్ మధ్య గాడికి తెచ్చి, నాన్నని వెనకాల కూర్చోబెట్టుకుని అమరావతి దాకా వెళ్లొచ్చా. గుడి దగ్గర ఆగి, ఇంజన్ కాస్త చల్లారాక ప్లగ్ విప్పి నాన్న చేతిలో పెట్టా. మసి లేదు, పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో ఉంది, అంటే గాలీ పెట్రోలూ లెక్క కుదిరినట్టే. ఆయన దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, వచ్చేటప్పుడు తనే నడుపుతానన్నారు.